అబద్ధం రాయని బ్లాగు

హలో, అందరికీ వినపడుతోందా? అయితే మా తెనాలి బసవయ్యకి జరిగింది వినండి.

రోజూ బ్లాగు రాసే ఓపిక లేక బసవయ్య ఆ పని ఇంటి పనులు చూసే మాట్లాడే యంత్రానికి అప్పగించాడు. "ఒక్కరోజూ తప్పకూడదు, ఒక్క అబద్ధమూ ఉండకూడదు," అని గట్టిగా చెప్పాడు. అది నెలకి సరిపడా ముందే రాసేసుకుని, రాసిందల్లా నిజమయ్యేలా ఏర్పాట్లు కూడా చేసేది. పెసరట్టు తిన్నానని రాస్తే, పొద్దున్నే పెసరట్టు ఇంటికొచ్చేది. బసవయ్య మురిసిపోయేవాడు.

ఓ ఉదయం డ్రైవరు లేని ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. భార్య భ్రమరాంబ ఫోను చూపించింది.

"ఏవయ్యా, నేను అలిగి పుట్టింటికి పోయానని రాశావా?"

బసవయ్య ఫోను లాక్కుని చదివాడు. "నేనెక్కడ రాశానే! ఒరేయ్, అది తీసెయ్!" అని యంత్రం మీద అరిచాడు.

"జనం చదివేశారండీ. అమ్మగారు వెళ్ళకపోతే అబద్ధమైపోతుంది," అంది యంత్రం మర్యాదగా.

భ్రమరాంబ నవ్వేసింది. "సర్లే, రెండ్రోజులు అన్నయ్య ఇంట్లో ఉండొస్తా. నేను తిరిగి ఎప్పుడొచ్చానని రాసిందో చూడు."

బసవయ్య నెలాఖరు దాకా రాసిపెట్టినవన్నీ చూశాడు. ఆవిడ పేరే ఎక్కడా లేదు. రోజూ ఒకటే శీర్షిక, 'ఒంటరి మగాడి వంటలు'.

పరుగున వెళ్ళి ఆటోకి అడ్డంగా కూర్చున్నాడు. ఇంకా అక్కడే ఉన్నాడు. బ్లాగులున్న మీవాళ్ళందరికీ ఈ కథ పంపండి బాబూ.