ఆముదం చాలమ్మా

“ఇదిగో పెద్దక్కా, ఈ అమ్మాయిని కూడా ఆముదం రాసుకోమని పంపించావో, ఆమెతోపాటే నువ్వూ వెళ్ళిపో. రేపట్నుంచి రానక్కర్లేదు.”

పార్లర్ యజమానురాలు గొంతు తగ్గించే అంది. తెర అవతల కుర్చీలో కూర్చున్న అమ్మాయికి వినపడకూడదుగా మరి! పెద్దక్క తువ్వాలు మడతపెడుతూ ఊఁ కొట్టింది. అక్కడ పనిచేసే వాళ్ళందరిలో వయసు ఎక్కువ కాబట్టి ఆ పేరు. ఇరవై రెండేళ్ళుగా నిలబడి చేసే పని. నడుము అరిగింది, మోకాళ్ళు అరిగాయి. మంచం పట్టిన మొగుడూ తనూ బతికేది ఈ జీతం మీదే.

“ఒకప్పుడు నువ్వు ఒక్కో రెప్పవెంట్రుకా అతికిస్తే అసలుదేదో, పెట్టిందేదో కన్నతల్లి కూడా పోల్చుకోలేకపోయేది. ఆర్నెల్లుగా ఏం పుట్టింది నీకు? రెప్పలకని వచ్చిన ప్రతిదానికీ వద్దు, వద్దు అనడమే. గడప దాకా వచ్చిన లక్ష్మిని కాలదన్నడం కాకపోతే ఏమిటిది?”

“అప్పుడు తెలియక చేశానమ్మా,” అంది పెద్దక్క.

యజమానురాలికి ఈ జవాబు విని విని విసుగొచ్చింది. “ఇవాళ అతికిస్తావు. అంతే,” అని తెర పక్కనే నిలబడింది.

పెద్దక్క కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ అమ్మాయి బస్టాండులో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేస్తుంది.

“నా రెప్పవెంట్రుకలు మరీ పలచనండీ. కౌంటర్ దగ్గరికొచ్చిన ప్రతివాడూ ‘ఏమ్మా, ఏడ్చావా?’ అనడమే. చెప్పీ చెప్పీ నాకు నిజంగానే ఏడుపొస్తోంది. టీలూ టిఫిన్లూ మానుకుని మరీ దాచుకున్నాను. ఒత్తుగా అతికించండి.”

పెద్దక్క ఆమె తల వెనక్కి వాల్చి, చూపుడువేలితో రెప్ప అంచు మెల్లగా తడిమింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

“కుడివైపు మరీ పలచన. కన్ను నలుపుతావు కదూ?”

అమ్మాయి ఉలిక్కిపడింది. “అయ్యో, ఎలా కనిపెట్టారు? జనం మీద పడుతుంటే ఊరికే నలుపుకుంటాను.”

“వేలికి తెలుస్తుందిలే.”

తెర కింద యజమానురాలి చెప్పులు కదలకుండా ఉన్నాయి. పెద్దక్క ట్వీజర్లు చేతిలోకి తీసుకుంది. అతికిస్తే రేపు పని ఉంటుంది, లేకపోతే లేదు. ట్వీజర్లు తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

“వద్దు తల్లీ. జిగురూ బరువూ కలిసి ఉన్నవి కూడా ఊడిరావచ్చు. నెల తిరక్కుండా మళ్ళీ రావాలి, మళ్ళీ డబ్బు పోయాలి. నీకు కొరివితో తల గోక్కోవడమే అవుతుంది.”

“మరి నాలాంటిదానికి దారేంటండీ?”

“ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. ఆముదం చాలమ్మా.”

అమ్మాయి ఫక్కున నవ్వింది. పెద్దక్కకు నవ్వే ఓపిక లేదు. “పాత మస్కారా బ్రష్ ఉందా ఇంట్లో? వేడినీళ్ళలో సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టు. పడుకునే ముందు దానికి ఒకే ఒక్క చుక్క. కంట్లో పడనివ్వకు. పొద్దున్నే కడిగేసుకుని, పైకి దువ్వి, వెచ్చటి వేలితో కాసేపు ఒత్తి పట్టుకో. మొదళ్ళలో సన్నగా కాటుక. ఒత్తుగా మొలుస్తాయని ఒట్టెయ్యను. ఉన్నవి విరక్కుండా మెరుస్తాయి, అంతే. ముందు ఆ నలపడం మానెయ్.”

“మీరోసారి పెట్టి చూపించండి.”

“నేను పెడితే నీకేం వస్తుంది? నువ్వే పెట్టుకో, నేను చెబుతాను.”

అమ్మాయి అద్దం పట్టుకుని, పెద్దక్క చెప్పినట్టే దువ్వింది, ఒత్తింది, కాటుక గీసుకుంది.

“రెండూ ఒకేలా వచ్చాయా? నన్ను కాదు, అద్దాన్ని అడుగు.”

“వచ్చాయండీ! అబ్బ, ఏడ్చిన మొహంలా లేదు!”

సర్రున తెర పక్కకు జరిగింది. యజమానురాలు నోరు తెరిచేలోపే అమ్మాయి లేచి నిలబడింది.

“మేడమ్, ఇందాక మీరన్నది నాకు వినపడింది. ఇది నేను గడప తొక్కిన మూడో పార్లర్. మిగతా చోట్ల అందరూ నా సంచీ వంకే చూశారు. కడుపు మీద దెబ్బ పడుతుందని తెలిసి కూడా నాకు నష్టం చెయ్యని మనిషి ఈవిడొక్కరే. మా బస్టాండులో ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి. జుట్టుకీ, ముఖానికీ, అన్నిటికీ అందర్నీ ఇక్కడికే తీసుకొస్తాను. ఈవిడుంటేనే సుమండీ!”

అప్పటికప్పుడు ముఖం మార్చెయ్యడం ఆ యజమానురాలికి వెన్నతో పెట్టిన విద్య.

“మా పెద్దక్క సంగతి నాకు తెలీదూ! నిప్పులాంటి మనిషి. ఇదిగో అక్కా, ఇకమీదట నువ్వు సలహాలు చెప్పు చాలు. అతికించే పని కొత్తమ్మాయి చూసుకుంటుంది. నీ నిజాయితీకి దణ్ణం తల్లీ!”

అమ్మాయి పెద్దక్క చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పెద్దక్కకు దుఃఖం పొంగుకొచ్చింది. పని నిలబడింది, మొగుడి మందులకు ఇబ్బంది లేదు. కానీ ఆ పొగడ్త మాత్రం మింగుడు పడలేదు. కుర్చీ చెయ్యి తడుముకుని కూలబడింది.

“ఇంత మంచి మాట విని ఏడుస్తారా ఎవరైనా?” అంది యజమానురాలు.

“ఏం లేదమ్మా, అలసట,” అంది పెద్దక్క.

ఆరు నెలలుగా ఆమెకు ఎవరి రెప్పవెంట్రుకలూ కనబడటం లేదు.