మామ్మగారి పావు వంతు

ముసలివాళ్లందరికీ ఉన్నట్టే మామ్మగారి గుండెలోనూ అణుబ్యాటరీ ఉంది. పెట్టి ఇరవై నాలుగేళ్లయింది. దాని అర్ధాయువు, అంటే శక్తి సగం తరిగే కాలం, పన్నెండేళ్లు.

"మొదటి పన్నెండేళ్లలో సగం, తర్వాతి పన్నెండేళ్లలో మిగతా సగం. ఇక అయిపోయినట్టే మామ్మగారూ," అంది కొత్తకోడలు సుచరిత, కూనిరాగం తీస్తూ పెసరట్టు తిరగేసి.

ఫిజిక్సు లెక్చరరు మాటకు తిరుగేముంది? మామ్మగారు ఆ రోజే మంచమెక్కి, చుట్టాలందరికీ కబురు పెట్టించారు.

మూడోనాడు సుచరిత పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఒక విద్యార్థిని అచ్చం అలాగే లెక్క చేసింది. సున్నా వేశాక గానీ సుచరితకు తట్టలేదు. వెళ్లి మంచం పక్కన కూలబడింది.

"తప్పు చెప్పానండీ. రెండోసారి పోయేది మిగిలినదాంట్లో సగమే. ఇంకా పావు వంతుంది. మరో పన్నెండేళ్లు భయంలేదు. ఇదే తప్పు చేసిన పిల్లకి ఇప్పుడే సున్నా వేసొచ్చాను."

మామ్మగారు లేచి కూర్చుని జుట్టు ముడేసుకున్నారు.

"మరి నీకెన్ని వేసుకున్నావమ్మా?"