లోపలి గడియ

“ఇంట్ల మనుషులం ఉండంగ పట్టపగలు గడియ పెట్టుకునుడేందే? మేమేమన్న దొంగలమా?” చంద్రమ్మ ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

“మిమ్మల్ని ఎవ్వలన్నరు అత్తమ్మా! రెండు గంటలు నా అర్రలకు ఎవ్వలు రావద్దు, గంతే. ఒక్క గడియ పెట్టియ్యమంటే ఇల్లు అమ్మమన్నట్టు చేస్తున్నరు,” అంది సంగీత.

ఆ గదికి తలుపుంది కానీ గడియ లేదు. బియ్యం డ్రమ్ము, ఇస్త్రీ పెట్టె, మామ యోసేపు ఫోను చార్జరు అన్నీ అందులోనే. పైగా ఇవాళ రెండో శనివారం. బడికి సెలవు కాబట్టి సంగీత భర్త, టీచరు ప్రభుదాస్ కూడా ఇంట్లోనే ఉన్నాడు.

“పోయిన నెల ఏమైంది? మీ కొడుకు ఇస్త్రీ చేసుకుంటనని పని నడుమ నా నెట్టు డబ్బా ప్లగ్గు పీకిండు. నాలుగు దవాఖానల్ల రిపోర్టులు ఇరవై నిమిషాలు ఆగిపోయినయి.”

“ఒక్క అంగీ సంగీతా, ఒక్కటే అంగీ,” అన్నాడు ప్రభుదాస్ పేపరు వెనకాల నుంచి.

“ఆ ఒక్క అంగీకి మా వివేక్ సార్ ఏమన్నడో ఎరుకేనా? ఇంకోసారి గిట్లయితే మానుకోటల కూసొని పని జేసుడు బంద్, హైదరాబాద్ హాస్టల్ల ఉండి ఆఫీసుకు రమ్మన్నడు.”

చంద్రమ్మ చాయ్ గ్లాసు ఎత్తింది.

“చంద్రమ్మా, నా అద్దాలేవి?” యోసేపు వాకిట్లోంచి పిలిచాడు. ఆమె గ్లాసు దించి లేచింది. తిరిగొచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టింది. “ఇంతకు ఏం పని పిల్లా అది? గంత పరేషాన్ అయితున్నవ్?”

సంగీత గడియారం చూసింది. పదికి ఇంకా పావుగంట ఉంది.

“ఒక పెద్ద కంప్యూటర్ల పన్నెండు ఉత్తుత్తి కంప్యూటర్లు నడుస్తయి అత్తమ్మా. ఒక ఇంటిని పన్నెండు అర్రలు చేసి కిరాయికి ఇచ్చినట్టు. ఎవ్వలర్ర వాల్లదే, ఒకలకొకలు కనబడరు. ఇప్పుడేమో నడుమ గోడలకు కన్నమున్నదని బయటపడ్డది. ఒక అర్రలున్నోడు దాంట్లకెల్లి ఏ అర్రలకంటే ఆ అర్రలకు చొరబడొచ్చు. నిన్న దొంగలకు సుత తెలిసింది. ఇయ్యాల దాన్ని పూడ్వాలె.”

“మరి కిరాయోల్లను ఏం జేస్తవ్?”

“పక్కింట్లకు మార్చి, ఇల్లు బాగుజేసి, మల్ల తెస్త. ఆగమాగం అయితే వాల్ల పని ఆగిపోతది.”

“అంటే ఎవ్వలంటే వాల్లు, ఎప్పుడంటే అప్పుడు వచ్చుడేనా? ఆ అర్రల ఉన్నామెకు తెల్వదా?”

“కన్నమున్నట్టే తెల్వదు అత్తమ్మా.”

చంద్రమ్మ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి వంటింటి తలుపు వైపు చూసింది.

పది గంటలకు సంగీత తలుపు దగ్గరగా వేసి, హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క యంత్రాన్నీ పక్క సర్వరుకు మార్చడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ప్రతిసారీ చూపు తలుపు మీదికే పోతోంది. ఏడోది డెబ్బై రెండు శాతం దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుదాస్ అంగీ పట్టుకుని వస్తే? మామ చార్జరు కోసం ప్లగ్గు పీకితే? ఒక్క నిమిషం ఒక గంటలా గడిచాక అంకె కదిలింది.

పదకొండున్నరకు పన్నెండూ అటు చేరాయి. మరమ్మతు ఎక్కించి, సర్వరును ఆపి మళ్లీ మొదలుపెట్టింది. తెర నల్లబడింది. సంగీత కాలు ఊపుతూ కూర్చుంది. బయట ఏదో గుసగుస వినిపించి ఆగిపోయింది. బియ్యం తీసుకునే వేళ దాటిపోయింది. అయినా ఎవరూ తలుపు తోయలేదు. అత్తమ్మకు కోపమొచ్చిందా? అందరూ అలిగి ఎటైనా పోయారా? తలుపు తోస్తారేమోనన్న భయం పోయి, తోయలేదేమిటన్న గుబులు పట్టుకుంది.

తెర వెలిగింది. యంత్రాలన్నీ వెనక్కి వచ్చాయి. ఏ దవాఖానలోనూ ఒక్క రిపోర్టూ ఆగలేదు.

“సంగీతా, ఇవాళ మీ ఇంట్లో ఎవరూ లేరా ఏంటి?” హెడ్‌ఫోనులో వివేక్ నవ్వాడు. “ఇలాగే ఉంటే ఇంటి నుంచే చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.”

పన్నెండుంబావుకు సంగీత తలుపు తీసింది. గడపకు అడ్డంగా పీట వేసుకుని, ఒళ్లో ఖాళీ బియ్యం గిన్నెతో చంద్రమ్మ కూర్చుని ఉంది. చేతిలో ఫోను.

“అయిందా? బియ్యం తీస్కోవాల్నా?”

“రెండు గంటల సంది ఈడనే ఉన్నరా అత్తమ్మా?”

“అవ్. నీ మొగడు రెండుసార్లు వచ్చిండు, మీ మామ మూడుసార్లు. నేను కదల్లే. పెండ్లయి గీ ఇంట్ల అడుగుపెట్టిన సంది గింతసేపు ఒక్కకాడ కూసున్నది ఇయ్యాల్నే.”

భోజనాలకు రెండయింది. అందరూ ఆకలి మీదున్నారు. అందరికీ వడ్డించి చంద్రమ్మ కూడా కంచం ముందు పెట్టుకుంది.

“తొక్కేది?” అన్నాడు యోసేపు. లేచి పచ్చడి జాడీ తెచ్చింది.

“అవ్వా, నీళ్లు,” అని తల్లిని అడిగాడు ప్రభుదాస్. లేచి తెచ్చింది.

ముద్ద కలిపి నోటి దాకా తెచ్చింది. “పెరుగు లేదా?” అన్నాడు యోసేపు.

చంద్రమ్మ ఈసారి లేవలేదు.

“వడ్రంగి సదానందంకు ఫోన్ చేసిన. నాలుగింటికి గడియ తెచ్చి బిగిస్తడు,” అంది మెల్లగా, అందరికీ వినబడేలా.

ముగ్గురూ తలెత్తారు. సంగీత మొహం వెలిగిపోయింది. “మొత్తానికి నా తలుపుకు...”

“నీ తలుపుకు నేనున్న గదా పిల్లా,” అంది చంద్రమ్మ, చల్లారిన ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “గడియ వంటింటికి. లోపటి దిక్కు.”