జంట తలుపు

"కొయ్యవయ్యా అంటుంటే రంపం పట్టుకుని అట్టా దిష్టిబొమ్మలా నిలబడతావేంది?"

రోశయ్య అరుపుకు కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్లు కూడా తలలెత్తి చూశారు.

సుభానీ మేస్త్రీ కదల్లేదు. ప్రత్తిపాడు చుట్టుపక్కల పాత ఇళ్లు విప్పడం, ఆ దూలాలతో, ఆ ఇటుకలతోనే కొత్త ఇళ్లు కట్టడం అతని పని. సిమెంటు పర్మిట్ దొరకడమే గగనమైన రోజులవి. ఇటుకలకంటిన సున్నం గీకించి మళ్లీ గోడలో పెట్టేవాడు. వంగిన మేకును కూడా సాపు చేసి దాచేవాడు. అలాంటివాడి ముందు తలుపు రెక్క పడేసి ముక్కలు చెయ్యమంటే చెయ్యి ఎలా ఆడుతుంది?

"బర్మా టేకండీ. పెద్దాయన ముచ్చటపడి చేయించిన తలుపు..."

"మా నాన్న సంగతి నువ్వు నాకు చెప్పొద్దు!"

అన్నదమ్ములు వేరుపడి, పాత ఇల్లు విప్పించి, దూలం దూలం పంచుకున్నారు. చివరికి వీధి తలుపు మిగిలింది. రెండు రెక్కలూ మూస్తేనే మధ్యలో తామరపువ్వు నిండుగా కనబడే జంట తలుపు. నాకంటే నాకని కొట్టుకుని, చెరో రెక్కా పట్టుకుపోయారు. ఇప్పుడు ఆ స్థలంలోనే పక్కపక్కన ఇద్దరికీ కొత్త ఇళ్లు లేస్తున్నాయి. ఇద్దరికీ మేస్త్రీ సుభానీయే.

ఆ తలుపు తన గుమ్మానికే ఉండాలని రోశయ్యకు ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ తమ్ముడు గురవయ్యను అడగడమా? తల తెగినా అడగడు.

"వాడు రేపో మాపో ఈ రెక్క కోసం మనిషిని పంపుతాడు. ఈ ముక్క దొరికిందా, తలుపు వాడిదవుతుంది. రోజూ నా కళ్లముందే మూస్తాడు, తీస్తాడు. నేను బతికుండగా అది జరగదు."

"పోనీ ఆయన్ని నేనొక మాట అడిగి వస్తానండీ. పొలంలో పాకలోనే ఉన్నాడుగా?"

"అడిగావంటే మళ్లీ నా గడప తొక్కొద్దు!"

సుభానీ రంపం కింద పెట్టి, తలగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు.

"మామగారు రోజూ తుడుచుకున్న తలుపు. దాని ఉసురు పోసుకుంటారా?" అంది రోశయ్య భార్య పున్నమ్మ.

"నువ్వు అవతలికి పో!"

రోశయ్యే రంపం పట్టాడు. సగం పువ్వు మీదికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తమ్ముడి మొహం గుర్తుకు రాగానే మళ్లీ కదిలింది. ముక్కలన్నీ కలిపి మేకులు కొట్టి, తమ్ముడి స్థలం వైపున్న కోళ్లగూటికి తలుపుగా బిగించాడు. పువ్వు ముక్క బయటికి కనబడేలా చూసుకున్నాడు. ఇంట్లో దిగాక వాడు పొద్దున్నే లేచి చూసి కుళ్లి చావాలి. రోశయ్యకు కడుపు చల్లబడింది.

పొద్దు వాలుతుండగా బండి వచ్చి ఆగింది. సుభానీ దూకాడు.

"తిట్టుకుంటే తిట్టుకోండి, వెళ్లి వచ్చాను. ఆయనా నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. మిమ్మల్ని అంతకు రెట్టింపు తిట్టాడు."

"తిడతాడు. వాడికి తెలిసిందదేగా!"

"తిట్టీ తిట్టీ అలిసిపోయి చివరికి, 'ఆ మొండోడి మొహం నేను చూడను గానీ, నాన్న తలుపు మాత్రం ముక్కలు కావడానికి వీల్లేదు. తీసుకుపోయి పెద్దోడి గుమ్మానికే బిగించు' అన్నాడండీ."

గోనెపట్టా లాగాడు. బండిలో గురవయ్య రెక్క, దాని అంచున సగం పువ్వు. నూనె రాసి తుడిచినట్టుంది, నిగనిగలాడుతోంది.

రోశయ్య కోళ్లగూటికి అడ్డంగా జరిగి నిలబడ్డాడు.

సుభానీ నవ్వుతూ సంచిలోంచి బందులు, మేకులు తీశాడు.

"మీ రెక్క ఎక్కడ పెట్టారండీ? వెలుగుండగానే రెండూ బిగించేస్తా."