చీపురు సవారీ

“నోరు తెరువు!” అన్నాడు కాటయ్య.

లింగమ్మ పెదవులు బిగించింది. భయం కన్నా ముందు ఆమెకు అసహ్యం వేసింది. కోదాడ నుంచి పిలిపించిన ఆ భూతవైద్యుడి చేతిలో పట్టకారు ఉంది. దాని మొనల మధ్య ఎవరిదో నెత్తురు నల్లగా ఎండిపోయి ఉంది. అంతకుముందు ఏ ఊళ్లో ఎవరి పళ్లు పీకాడో గానీ, ఆ తర్వాత దాన్ని కనీసం గడ్డిపోచతోనైనా తుడిచినట్టు లేదు.

“గదాన్ని జర కడుక్కొని రారాదయ్యా! సూస్తెనే కడుపుల దేవుతున్నది,” అందామె.

గొర్రెల దొడ్డి చుట్టూ మూగిన జనం విస్తుపోయారు. గుంజకు కట్టేసిన మనిషి కాళ్లావేళ్లా పడాలి గానీ పట్టకారుకు వంకలు పెడుతుందా?

బీరన్న మందలో గొర్రెలు నురగలు కక్కి చస్తున్నాయి. పెద్దవాన తర్వాత మొలిచిన లేతగడ్డిని మితం లేకుండా మేపొద్దని, ఆ దొడ్డి ఊడ్చే లింగమ్మ ముందే మొత్తుకుంది. ఆ మాటే ఆమె కొంప ముంచింది. ముందే చెప్పిందంటే, చేసింది కూడా తనేనన్నమాట! మంత్రగత్తెకు పళ్లు ఊడగొడితే మాట తడబడుతుంది, మాట తడబడితే మంత్రం పారదు. ఆ చుట్టుపక్కల అందరూ ఎరిగిన వైద్యం అదొక్కటే. రజాకార్ల గొడవల్లో ఊరొదిలిపోయిన పటేలు ఇంకా తిరిగి రాలేదు. వద్దని చెప్పే నాథుడు లేడు.

“నేను కండ్లార సూసిన,” అన్నాడు బీరన్న. “మొన్న పొద్దుగూకంగ మా దొడ్డి మీదికెల్లి సీపురెక్కి పోయింది. హుజూర్‌నగర్ దిక్కు పోయింది.”

“ఏ సీపురురా?” అంది లింగమ్మ.

“గదే అత్తా! నువ్వు దొడ్డి ఊడ్సేది.”

అందరూ అటు చూశారు. దడికి ఆనించిన ఈతబరిగెల చీపురది. గొర్రెల ఉచ్చలో నాని, పెంటికలు అంటుకుని, కొసన ఈగలు ముసిరి ఉంది. లింగమ్మకు ఒళ్లు జలదరించింది. దయ్యాలతో తిరుగుతుందన్నారు, ఊరుకుంది. గొర్రెలను చంపిందన్నారు, ఏడ్చింది. ఆ రోత చీపురు మీద తాను కూర్చుందనడం మాత్రం సహించలేకపోయింది.

“థూ! దాని మీద కూసుంటరారా ఎవలన్న? బరిగెలు యాడ గుచ్చుకుంటయో ఎరికేనా నీకు? నేనే ఎక్కేదాన్నయితే గట్ల ఎక్కుతనా? ముందుగాల వాగుల ముంచి కడుగుత. ఎండకు ఆరబెడ్త. బరిగెలు మెత్తబడేదాక ఆముదం పట్టిస్త. మీదికెల్లి గొంగడి మడతబెట్టి పరుస్త. గప్పుడు కూసుంట!”

ఎవరో కిసుక్కుమన్నారు. లింగమ్మకు ప్రాణం లేచివచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు మనిషి పళ్లు పీకుతుంటే చూస్తూ నిలబడలేరని ఆమెకు తోచింది.

“మరి సంటిపిల్లను సంకల పెట్టుకొని ఎక్కొచ్చునా అత్తా?” అని గుంపులోంచి యాదమ్మ అరిచింది.

“సంటిదుంటె ఎగురుడెందుకే? సక్కగ నడిసిపో!”

ఈసారి దొడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య కాటయ్య గొంతు వినిపించింది.

“గొంగడి కొత్తదా, పాతదా?”

వచ్చినప్పటి నుంచీ అతను కూర్చోలేదు. మర్యాదకు మంచం వాల్చినా వద్దని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే ఉన్నాడు.

“పాతదే. కొత్తది గరుకుంటది.”

“కూసునుడెట్ల?”

“గుర్రమెక్కినట్టు అటొక కాలు, ఇటొక కాలు ఏసినవనుకో, హుజూర్‌నగర్ పోయేసరికి తొడలు ఒలిసిపోతయి. పక్కకు కూసోవాలె, బండి నొగ మీద కూసున్నట్టు. ఉడకేసిన శెనగ గుడాలు తిని మాత్రం ఎక్కొద్దు. కడుపుల గాలికి, మీది గాలికి పడది.”

బీరన్న కూడా నవ్వాపుకోలేక తలపాగా కొస నోట్లో కుక్కుకున్నాడు. నవ్వనివాడు కాటయ్య ఒక్కడే.

“బరిగెల కొస ముంగటికా, ఎనుకకా?”

“ఎనుకకే. ముంగటికి పెడితె ఆ పెంటంత నోట్లె పడ్తది.”

కాటయ్య తల పంకించి జనం వైపు తిరిగాడు.

“ఇన్నరా? ఎక్కనిదానికి ఇన్ని మర్మాలు ఎట్ల ఎరుక?”

నవ్వులు చప్పున ఆరిపోయాయి. తల్లులు పిల్లలను కొంగుల చాటుకు లాక్కున్నారు. లింగమ్మ ఆడిన వేళాకోళమే ఆమె మీద సాక్ష్యమైంది. కాటయ్య దగ్గరికొచ్చి గడ్డం పట్టుకున్నాడు. చుట్ట కంపు, చెమట కంపు గుప్పుమన్నాయి. ఆ మురికి ఇనుము నాలుకకు తగలకుండా ఆమె పెదవులు ఇంకా బిగించింది. కళ్లు మూసుకుంది.

పట్టకారు పెదవుల దాకా వచ్చి ఆగింది.

“లాభం లేదు,” అన్నాడు కాటయ్య. “ఇది పెద్దది. పండ్లు పీకితె పోయేది కాదు. మీరు గీడుంటె మీకే అంటుకుంటది. ఇండ్లల్లకు పోండ్రి, నేనొక్కణ్ణే కట్టడి జేస్త.”

మాట పూర్తికాక ముందే దొడ్డి ఖాళీ అయింది. అన్నీ కండ్లార చూసిన బీరన్న అందరికన్నా ముందు పరుగెత్తాడు.

కాటయ్య నలుదిక్కులా చూశాడు. ఎడంగా కాళ్లీడ్చుకుంటూ గుంజ వెనక్కు వెళ్లి తాడు ముడి విప్పసాగాడు.

“పీకవా?” అంది లింగమ్మ నమ్మలేక.

“పీకితె నీ మాట నాకు సమజైతదా అక్కా?” కాటయ్య తొడ వెనక గోక్కుంటూ ఆమె చెవి దగ్గరికి వంగాడు. “పక్కకు కూసోవాలంటివి గదా... ఇన్నేండ్ల సంది నేను గుర్రమెక్కినట్టే కూసుంటున్న. పుండ్లయితున్నయి గని, నా పాడు సీపురు జానెడు గూడ లేస్తలేదు!”