హరిత పక్కన కుర్చీ

"అవ్వా, లే. గా కుర్చీ నీ కోసం ఏసింది కాదు."

సారమ్మ మాట కాస్త గట్టిగానే వచ్చింది. చర్చిలో ముందు వరుసలో, తెల్లగౌను వేసుకున్న తన బిడ్డ హరిత పక్కన, ఎవరో లంబాడా ముసలమ్మ దర్జాగా కూర్చుని ఉంది. అద్దాల రవికె, చేతుల నిండా తెల్లగాజులు.

"సిస్టరమ్మ..." అంటూ ముసలమ్మ ఏదో చెప్పబోయింది.

"ఆఁ, సిస్టరమ్మ కోసమే ఏసినం. లే జర."

ముసలమ్మ లేచింది. వెనక్కి వెళ్లి, చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకుని నిలబడింది.

"పెద్దమనిషిని గట్లనా లేపేది?" అన్నాడు భర్త మొగిలి మెల్లగా.

"మరి సిస్టరమ్మ వస్తే యాడ కూసోబెడుదాం? నీ నెత్తి మీదనా?"

భూపాలపల్లి బొగ్గుబాయిలో భయం లేకుండా దిగే మొగిలికి, పెళ్లాంతో వాదన పెట్టుకునే ధైర్యం మాత్రం లేదు.

నిజానికి ఆ కుర్చీ అలాంటిలాంటి కుర్చీ కాదు. హరిత ఈరోజు తొలిసారి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం, తీసుకుంటోంది. ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డకు నెత్తిన నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇచ్చినవాళ్లే ఈరోజు వెలిగించిన కొవ్వొత్తి చేతికి అందించాలి. మిగతా పిల్లలకు ఫాదర్లే ఇచ్చారు గనుక ఫాదరే అందిస్తాడు. హరిత సంగతి వేరు.

హరిత నెలలు నిండకుండా పుట్టింది. సిస్టర్ల దవాఖానలో సారమ్మకు స్పృహ లేదు. మొగిలి రక్తం కోసం పరుగెత్తాడు. బిడ్డ ఊపిరి ఆగిపోతుంటే, ఫాదర్‌ను పిలిచే వ్యవధి లేక, అక్కడికక్కడే జ్ఞానస్నానం జరిగిపోయింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఫాదరే ఇవ్వాలని లేదు, ఎవరైనా ఇవ్వొచ్చని కతోలిక శ్రీసభే చెబుతుంది.

సారమ్మ కళ్లు తెరిచాక, ఆ దవాఖానలోనే పనిచేసే శాంతి సిస్టరు వచ్చి, "నీ బిడ్డకు జ్ఞానస్నానం అయింది, ఇగ భయం లేదు," అని చెప్పింది. ఎవరిచ్చారని సారమ్మ అడగలేదు. సిస్టరు ఉండగా ఇంకెవరిస్తారు?

ఆ వెంటనే సిస్టరును జనగామకు మార్చారు. ఇన్నేళ్లకు మళ్లీ వస్తోంది.

పూజ మొదలైంది. సిస్టరు రాలేదు. కొవ్వొత్తుల వేళ వచ్చింది. కుర్చీ ఖాళీగానే ఉంది. చివరికి ఫాదరే హరితకు కూడా కొవ్వొత్తి అందించాడు. ఎన్నాళ్లుగానో కలగన్న ముచ్చట అలా తేలిపోయేసరికి సారమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి," అన్నాడు ఫాదర్ ఇంకొంతసేపటికి.

అందరూ అటూ ఇటూ తిరిగి, ఒకరికొకరు శాంతి కోరుకుంటూ చేతులు జోడించుకున్నారు. సారమ్మ వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర ముసలమ్మ ఆమె వైపే చేతులు జోడించి నవ్వుతోంది.

సారమ్మ చూపు తిప్పుకుంది.

తిప్పుకున్నాక సిగ్గేసింది. పూజ మొదట్లోనే కదా పాపాలు ఒప్పుకున్నాను, అప్పుడే కొత్తది మొదలుపెట్టానా అనుకుంది. అయినా మళ్లీ అటు తిరగలేదు.

హరిత నాలుక మీద అప్పం పెడుతుంటే ముసలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఈమెకెందుకు ఏడుపు? బిడ్డకు దిష్టి తగులుతుందేమో! సారమ్మ ఒక్క ఆదివారం కూడా పూజ మానని మనిషే. అయినా దిష్టి భయం దిష్టి భయమే.

పూజ అయ్యాక ముసలమ్మ జనంలోంచి దారి చేసుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఒక్కపారి బిడ్డ నెత్తి ముట్టుకుంట."

"వద్దవ్వా, తెల్లముసుగు మాసిపోతది. ఇంకా ఫోటోలు దిగాలె. అగో, అటు అన్నాలు పెడుతున్నరు, తినిపో."

చాపిన చెయ్యి ఆగిపోయింది.

"అన్నానికి రాలే బిడ్డా."

అంతే అంది. దూరం నుంచే హరితకు మెటికలు విరిచి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ మాట సారమ్మకు చురుక్కుమని తగిలింది. పిలుద్దామా అనుకుంది గానీ, చుట్టాలు చూస్తున్నారని పిలవలేదు.

భోజనాలు సగంలో ఉండగా శాంతి సిస్టరు ఆటో దిగింది.

"బస్సు నడిమిట్ల ఖరాబైంది, సారమ్మా. ఏమనుకోకు."

"కొవ్వొత్తి ఇచ్చేటప్పుడు మీరు లేకపోతిరి, సిస్టరమ్మా. నా పానం ఉసూరుమన్నది."

"నేను లేకుంటే ఏమాయె? తుల్సీబాయి వచ్చింది గద?"

"తుల్సీబాయి ఎవరు?"

"తండా నుంచి రమ్మని నేనే ఫోన్ చేసిన. ముందుగాల పోయి హరిత పక్కన కూసో, నేనొచ్చి అందరికీ చెప్త అన్న. రాలేదా?"

సారమ్మకు తల కొట్టేసినట్టయింది.

"వచ్చింది, సిస్టరమ్మా. మేమే లేపినం," అన్నాడు మొగిలి.

"మేం కాదు. నేనే లేపిన. బిడ్డను ముట్టుకోనియ్యలే గూడ," అంది సారమ్మ. ఆ మాట చెప్పాక తలెత్తలేకపోయింది.

మొగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా బండి మీద బస్టాండుకు పోయాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. తండా బస్సు అప్పటికే పోయింది.

సిస్టరు సారమ్మ పక్కన కూర్చుంది.

"హరిత పుట్టిన దినం తుల్సీబాయి బిడ్డ నీ పక్క మంచం మీదనే ఉండె," అంది. "నీకు చెప్పొద్దని నాతో ఒట్టు ఏయించుకున్నది. తండా ముసల్ది అని తెలిస్తే తల్లి మనసు చిన్నబోతదని. ఇయ్యాల చెప్దామని నేనే బతిమాలి ఒప్పించిన."

"ఏం చెప్పొద్దన్నది, సిస్టరమ్మా?"

"నా రెండు చేతులు నీ బిడ్డ గుండె ఒత్తుకుంటనే ఉన్నయి, సారమ్మా. నేను చెప్పే ఒక్కొక్క మాట నా ఎనుకనే చెప్పుకుంట, నెత్తిన నీళ్లు పోసి హరితకు జ్ఞానస్నానం ఇచ్చింది ఆ తుల్సీబాయే."