కనబడని దీపం

"ఇదేమిటి?"

తనిఖీ అధికారి గ్రాఫ్ క్యాలిక్యులేటర్ అంచును వేలితో పొడిచాడు. అక్కడ కందిగింజంత బల్బు అతికించి ఉంది.

"ఇన్‌ఫ్రారెడ్ దీపం సార్. వెలిగినా కంటికి కనబడదు. పాడైన టీవీ రిమోట్‌లోంచి పీకి నేనే పెట్టాను," అంది అక్క. తడుముకోలేదు.

"మరి ఈ రెండోదాంట్లో?"

"అది మా చెల్లిది. దాంట్లో అందుకునే కన్ను పెట్టాను. నేను నాదాంట్లో నొక్కింది దాని తెర మీద పడుతుంది. తీగ అక్కర్లేదు. మధ్యలో ఏదీ అడ్డం రాకపోతే చాలు."

అధికారికి మతిపోయింది. ఇరవై ఏళ్ల సర్వీసులో చీటీలు పట్టుకున్నాడు, అరచేతుల్లో సూత్రాలు పట్టుకున్నాడు. దొరికిపోయి కూడా దర్జాగా పాఠం చెప్పినవాళ్లు మాత్రం ఇంతవరకూ తగల్లేదు.

ఇద్దరూ కవలలు. వేరే కాలేజీలో సెంటరు పడింది. హాల్లో అక్కది ముందు బెంచీ, చెల్లిది ఆఖరిది. ఇంకా గంట పరీక్ష ఉండగానే లేపి ఆఫీసు గదిలోకి తెచ్చారు. కాపీ అని రాశారంటే మూడేళ్లు పరీక్షలు బంద్.

"నువ్వేం మాట్లాడవేం? బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావ్!" అధికారి చెల్లి మీద విరుచుకుపడ్డాడు.

ఆ పిల్ల ఆయన ముఖంలోకి గుచ్చి చూసిందే తప్ప పెదవి కదపలేదు.

"చూశారా మేడమ్, ఎంత పొగరో!" అన్నాడు, హాల్లో కాపలా కాసిన టీచరుతో.

అక్కకు ఒక మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట చెప్పి ఎవరి జాలీ అడుక్కోవద్దని చెల్లి పొద్దున్నే ఒట్టు వేయించుకుంది. మింగేసింది.

"నన్నడగండి సార్. చేసింది నేను."

"అయితే కాపీ కొట్టామని సంతకం పెట్టు."

"పెట్టను."

"పెట్టవూ?"

"చచ్చినా పెట్టను. పావుగంట నుంచి బల్బు చూస్తున్నారు, క్యాలిక్యులేటర్ చూస్తున్నారు. ఏం పంపానో ఒక్కరైనా చదివారా? చదవండి. ఆ తర్వాత మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లు రాసుకోండి!"

"నాకే రూల్స్ చెప్తావా?"

"చదవడానికి రూలెందుకు సార్, కళ్లుంటే చాలదూ?"

టీచరు నవ్వు ఆపుకుని చెల్లి క్యాలిక్యులేటర్ అందుకుంది. మీట నొక్కింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఒక్కటే లైనుంది సార్. 'ఏడో ప్రశ్న. మైనస్ కాదు, ప్లస్.'"

"ఇంకేం, దొరికారు!"

"ఇది జవాబు కాదు సార్. ప్రశ్నపత్రంలో అచ్చుతప్పు. సవరణ వస్తే హాల్లో గొంతు చించుకుని చెప్పింది నేనే. అదీ రెండుసార్లు."

అధికారి పెన్ను ఆగిపోయింది. హాలంతా విన్న ముక్కను ఇంత హంగామా చేసి పంపడమేమిటో ఆయన బుర్రకెక్కలేదు. ఇంకేమైనా దాచారేమోనని మీటలన్నీ నొక్కాడు. ఏమీ లేదు.

"సరే, పోండి. రాసుకోండి."

"మా పావుగంట ఎవరిస్తారు సార్?"

"అబ్బబ్బ, ఇస్తాం, పదండి!" అన్నాడు ఆయన, కిటికీ వైపు తిరిగిపోయి.

అక్క చెల్లి భుజం తట్టి తనవైపు తిప్పుకుని, పుట్టినప్పటి నుంచి ఏ శబ్దమూ వినని ఆ పిల్లకు ఆయనన్న మాట వేళ్లతో చెప్పింది.